వెడల్పు మూతి చెంబు

న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో ప్రాథమిక బడులకు చాలావరకు మహానుభావుల పేర్లు పెట్టారు. వాషింగ్టన్, లింకన్, జేమ్స్ మాడిసన్, జేమ్స్ మన్రో, బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ మార్షల్, మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్. మనుషులంతా సమానమని చెప్పుకునే దేశానికి పునాదులు వేసినవాళ్లు కొందరు, ఆ మాట నిలబెట్టమని అడిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు కొందరు. ఈ పేర్లున్న బడుల్లో ఏది ఒక మెట్టు పైన, ఏది ఒక మెట్టు కింద? ఆ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబం మొదటి వారంలోనే తేల్చుకోవాలని చూసే లెక్క ఇది.

ఎడిసన్ నుంచి న్యూయార్క్‌కు రోజూ రైల్లో వెళ్లి రావచ్చు. ఊరి జనాభా లక్ష దాటింది. అందులో దాదాపు సగం మంది ఆసియా మూలాలవాళ్లు, వాళ్లలో భారతీయులే ఎక్కువ. ఓక్‌ట్రీ రోడ్డు మీద గోంగూర దొరుకుతుంది, పట్టుచీర దొరుకుతుంది, జాతకం చూసేవాళ్లూ దొరుకుతారు. సర్కారు బడులన్నీ ఒకే స్కూల్ బోర్డు కింద నడుస్తాయి. పాఠాలు ఒకటే, టీచర్ల జీతాల పట్టిక ఒకటే, ఫీజు అసలే లేదు. అయినా ఇంటి అడ్రసు ఏ బడి పరిధిలోకి వస్తుందో చూసుకోకుండా పిల్లలున్నవాళ్లు అక్కడ ఇల్లు కొనరు. ఊరి ఉత్తర భాగం పిల్లలు జె.పి. స్టీవెన్స్ హైస్కూలుకు, దక్షిణ భాగం పిల్లలు ఎడిసన్ హైస్కూలుకు వెళతారు. ఐదేళ్ల పిల్లకు బడి వెతికే తండ్రి కళ్లు ఆ పిల్ల పదిహేడో ఏడు మీద ఉంటాయి.

ఇందులో చిన్న తమాషా ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో సర్కారు బడి గడప తొక్కకుండా, ఎల్‌కేజీ నుంచే ఫీజులు కట్టి చదువుకున్న తరం ఇది. అమెరికా వచ్చేసరికి మంచి సర్కారు బడి ఎక్కడుందా అని వెతుకుతున్నారు. సర్కారు బడి మీద నమ్మకం కలిగిందనుకుంటే పొరపాటు. ఫీజు రూపం మారిందంతే. అక్కడ బడికి కట్టేది ఇక్కడ ఇంటి ధరలో కలిపి బ్యాంకుకు కడుతున్నారు.

ఎంత కడుతున్నారో లెక్క వేసినవాళ్లున్నారు. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివారు ఊళ్లలో బడుల సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి చూశారు. వీధి అదే, గాలి అదే, ఊరి పన్ను కూడా అదే. బడి ఒక్కటే వేరు. బడిలో పరీక్ష మార్కుల సగటు 5 శాతం పెరిగితే ఇంటికి 2.5 శాతం ఎక్కువ ఇవ్వడానికి తల్లిదండ్రులు సిద్ధపడుతున్నారని 1999లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది. గీతకు ఇటువైపు ఉండటానికి ఒక ధర, అటువైపు ఉండటానికి ఒక ధర.

ధర్మసందేహం మొదలయ్యేది ఇక్కడే. తన బిడ్డకు మేలైన బడి కోరుకోవడం తప్పా? తప్పని ఏ తల్లితోనూ ఎవరూ అనలేరు. కానీ మేలైనది అని ఒకదాన్ని ఎంచుకోవాలంటే మేలు కానిది ఒకటి ఉండాలి, అందులో ఎవరో ఒకరి పిల్లలు కూర్చోవాలి. బడి అందరిదీ, పన్ను అందరిదీ అయినప్పుడు నా బిడ్డకు ముందు వరస కావాలనడంలో ప్రేమ ఎంత, అన్యాయం ఎంత?

దానికి ముందు, పోల్చేటప్పుడు నిజంగా దేన్ని పోలుస్తున్నామో చూడాలి. న్యూజెర్సీలో రాష్ట్ర పరీక్షలు మూడో తరగతి నుంచి మొదలవుతాయి. కిండర్‌గార్టెన్ నుంచి ఐదు దాకా ఉన్న బడికి వచ్చే అంకె మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల నుంచి వచ్చిందే. అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పి, గుండీలు పెట్టి, ముక్కు తుడిచి, భయం పోగొట్టిన ఒకటో తరగతి టీచరమ్మ పని ఆ అంకెలో నేరుగా ఎక్కడా కనపడదు. జేమ్స్ మాడిసన్ పేరుతో ఎడిసన్‌లో రెండు బడులున్నాయి. ప్రైమరీలో రెండో తరగతి దాకానే ఉంటుంది, మూడు నుంచి ఐదు ఇంటర్మీడియట్‌లో. అంటే ప్రైమరీ పిల్లలు ఒక్కళ్లు కూడా రాష్ట్ర పరీక్ష రాయరు. బడికి మంచిపేరో చెడ్డపేరో మాత్రం వస్తూనే ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తుందంటే, చుట్టూ ఉన్న ఇళ్ల నుంచి.

1966లో అమెరికా ప్రభుత్వం కోసం జేమ్స్ కోల్మన్ బృందం లక్షల మంది విద్యార్థుల వివరాలు సేకరించింది. నల్లవాళ్ల బడులకు డబ్బు, పుస్తకాలు తక్కువ కాబట్టే మార్కులు తక్కువని రుజువవుతుందని చాలామంది ఎదురుచూశారు. పిల్లల మార్కుల్లో తేడాకు బడికున్న వసతుల కన్నా ఇంటి నేపథ్యం, పక్కన కూర్చునే పిల్లల నేపథ్యం ఎక్కువ కారణమని ఆ నివేదిక చెప్పింది. ఆ మాట మీద వాదన ఇప్పటికీ తెగలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ ఇంకో వైపు నుంచి వచ్చారు. దేశంలోని సుమారు 11,000 స్కూల్ డిస్ట్రిక్టుల మార్కులు తీసుకుని, పిల్లలు ఎక్కడున్నారన్నది పక్కన పెట్టి, ఏడాదికి ఎంత ముందుకు కదిలారన్నది చూశారు. పేదపిల్లలు ఎక్కువగా ఉన్న షికాగో సర్కారు బడుల్లో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదేళ్లలో పిల్లలు ఆరేళ్ల చదువు నేర్చుకుంటున్నారని 2017లో ఆ లెక్క బయటపెట్టింది. సగటు మార్కుకూ ఆ ఎదుగుదలకూ పెద్ద పొత్తు లేదు. సగటు మార్కు ఆ ఇళ్ల కలిమిని చెప్పినంతగా బడి పనిని చెప్పదు.

ఎడిసన్ లాంటి ఊళ్లో ఇంకో చిక్కు కూడా ఉంది. కుమాన్ ట్యూషన్ సెంటరులో చేసిన లెక్కలు, సాయంత్రం ట్యూషన్, అమ్మమ్మ వీడియో కాల్‌లో వల్లె వేయించిన ఎక్కాలు, అన్నీ చివరికి బడి ఖాతాలోనే జమవుతాయి. రేటింగ్ చూసి కుటుంబాలు వస్తాయి, వచ్చిన కుటుంబాలు ట్యూషన్లు పెట్టించి ఆ రేటింగ్ పెంచుతాయి, పెరిగిన రేటింగ్ చూసి మరికొన్ని వస్తాయి. షారిక్ హసన్, అనుజ్ కుమార్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ఇదే వాదించారు. ఆన్‌లైన్ రేటింగులు అందుబాటులోకి వచ్చాక చదువుకున్న, డబ్బున్న కుటుంబాలు మంచి అంకె ఉన్న ప్రాంతాల్లో మరింతగా పోగుపడ్డాయని చూపించారు. పదికి ఎంత అని అంకె ఇచ్చే గ్రేట్‌స్కూల్స్ సంస్థ కూడా ఉత్త మార్కులతో సరిపెట్టకుండా 2017లో తన పద్ధతి మార్చుకుని పిల్లల ఎదుగుదలను లెక్కలోకి తెచ్చింది. ఇల్లు అమ్మే ప్రకటన పక్కన ఉండేది మాత్రం ఇప్పటికీ ఒకే ఒక్క అంకె.

2014 మార్చిలో జేమ్స్ మన్రో బడి తగలబడింది. రాత్రి వేళ కావడంతో ఎవరికీ ఏమీ కాలేదు, భవనం మాత్రం మిగల్లేదు. పిల్లల్ని, టీచర్లను వేరే చోటికి మార్చి తరగతులు నడిపారు. తర్వాత కొత్త భవనం లేచింది. తత్వశాస్త్రం క్లాసులో అడిగే ప్రశ్న వార్తల్లోకి వచ్చినట్టుంది ఇది. గోడలు పోయినా జేమ్స్ మన్రో బడి ఉందంటే, ఉన్నదేమిటి? టీచర్లు, పిల్లలు, మ్యాపు మీద ఒక గీత. తల్లిదండ్రులు పోల్చేది ఆ మూడింటిలో చివరి రెండింటినే. నా బిడ్డ పక్కన ఎవరి బిడ్డ కూర్చుంటుందన్నదే అసలు ప్రశ్న. ఆ మాట నోటితో అనడానికి మర్యాద అడ్డొస్తుంది కాబట్టి రేటింగ్ గురించి మాట్లాడతారు.

ఈ సమస్యకు మొట్టమొదటి మొండి పరిష్కారం ప్లేటోది. రిపబ్లిక్ ఐదో భాగంలో ఆయన ఆదర్శ నగరాన్ని కాపాడే పాలకవర్గానికి సొంత పిల్లలుండరు. ఎవరి బిడ్డ ఎవరో తల్లికీ తెలియకూడదు, బిడ్డకూ తెలియకూడదు. అందరూ అందరి పిల్లలే. పక్షపాతం పోవాలంటే దాని వేరే తెంచాలన్నది ఆయన లెక్క. శిష్యుడు అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. అందరిదీ అయిన వస్తువును ఎవరూ పట్టించుకోరు, వెయ్యిమంది కొడుకులున్న తండ్రికి ఏ కొడుకూ కొడుకు కాడు అన్నది ఆయన అభ్యంతరం. 

మన భారతంలో ఈ వాదన కథల్లో నడుస్తుంది. దుర్యోధనుడు పుట్టినప్పుడు అపశకునాలు చూసి, వంశం కోసం ఒకడిని వదులుకోవచ్చు, ఊరి కోసం వంశాన్ని వదులుకోవచ్చు అని విదురుడు రాజుకు చెప్పాడు. ధృతరాష్ట్రుడు వదల్లేకపోయాడు. ఆ గుడ్డిప్రేమను తిట్టుకోని తెలుగువాడు లేడు. నిజానికి ఆ స్థానంలో ఉంటే పసిగుడ్డును వదిలేసే తెలుగువాడూ లేడు. అందుకని ధృతరాష్ట్రుడి కథ ఈ సందేహానికి అంతగా సాయం చెయ్యదు. సాయం చేసేది ద్రోణుడి కథ.

ద్రోణుడికి విద్య ఉంది, ఇంట్లో పాలు లేవు. తోటిపిల్లలు పిండి కలిపిన నీళ్లిస్తే అవే పాలనుకుని తాగి అశ్వత్థామ గంతులు వేశాడు. అది చూసిన తండ్రి సిగ్గు చంపుకుని చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి వెళ్లాడు. అవమానం మిగిలింది. చివరికి హస్తినాపురంలో రాకుమారులకు గురువయ్యాడు. ఆదిపర్వంలో అక్కడ ఒక చిన్న ఘట్టం ఉంది. నీళ్లు తెమ్మని శిష్యులందరికీ ఇరుకు మూతి కమండలాలిచ్చి, కొడుక్కి మాత్రం వెడల్పు మూతి పాత్ర ఇచ్చేవాడట ఆచార్యులవారు. అది తొందరగా నిండుతుంది, అశ్వత్థామ ముందుగా వస్తాడు, మిగతావాళ్లు వచ్చేలోపు కొడుక్కి అదనంగా నాలుగు అస్త్రాలు నేర్పవచ్చు. అర్జునుడు సంగతి కనిపెట్టి వారుణాస్త్రంతో కమండలం నింపుకుని సరిగ్గా అదే సమయానికి హాజరయ్యాడు. ప్రపంచ సాహిత్యంలో చాటుమాటు ట్యూషన్ గురించి ఇంతకన్నా పాత ఆధారం దొరకడం కష్టం.

పాల కోసం ద్రుపదుడి గడప తొక్కిన ద్రోణుడిని ఎవరూ తప్పుపట్టరు. చెంబు దగ్గరికి వచ్చేసరికి మనసు చివుక్కుమంటుంది. కొడుకు మీద ప్రేమ రెండు చోట్లా ఒకటే. తేడా ఎక్కడుందంటే, మొదటిసారి అతను ఉత్త తండ్రి. రెండోసారి హస్తినాపురం సొమ్ముతో అందరి పిల్లలకూ గురువు. తండ్రిగా ఉన్న మమకారాన్ని గురుపీఠం మీద కూర్చుని చెల్లించుకున్నాడు.

బ్రిటిష్ తత్వవేత్త ఆడమ్ స్విఫ్ట్, హ్యారీ బ్రిగౌస్‌తో కలిసి 2014లో రాసిన పుస్తకంలో దాదాపు ఈ గీతనే వేరే చోట గీశారు. పిల్లలకు రాత్రి పడుకునేటప్పుడు కథ చదివి వినిపించడం వల్ల ఆ పిల్లలకు ఇతరుల మీద పైచేయి వస్తుంది. అయినా ఆ హక్కు తల్లిదండ్రులకు ఉండాలి, ఎందుకంటే ఆ కథ లేకపోతే వాళ్ల మధ్య బంధమే పలచబడుతుంది. ఖరీదైన బడి కొనిపెట్టే హక్కు అలాంటిది కాదు, అది లేకపోయినా ప్రేమకు లోటు రాదు. 2015లో స్విఫ్ట్ ఈ సంగతి ఆస్ట్రేలియా రేడియోకు వివరించాక, పిల్లలకు కథ చెప్పడం తప్పంటున్నాడని వక్రీకరించి పత్రికలు ఆడిపోసుకున్నాయి. ఆయన అన్నది సరిగ్గా దానికి తలకిందులు. అంతకుముందు 2003లో రాసిన ఇంకో పుస్తకంలో స్విఫ్ట్ ఒక వెసులుబాటు ఇచ్చారు. అందుబాటులో ఉన్న బడి నిజంగా పనికిరానిదైతే తల్లిదండ్రులు వేరే దారి చూసుకోవచ్చు. ఉన్నదాంట్లోకెల్లా గొప్పది కావాలని వెతికితే మాత్రం ఆ సమర్థన చెల్లదు.

ఆ కొలతతో చూస్తే ఎడిసన్‌లో గీతకు ఇటువైపు ఇల్లు వెతికే కుటుంబం ఇరుకున పడుతుంది. ఆ ఊళ్లో ఏ బడీ పిల్లల భవిష్యత్తు పాడుచేసే బడి కాదు. కానీ స్విఫ్ట్ ఆ పుస్తకం ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని రాశారు. వీసా మీద ఉన్న తండ్రి పరిస్థితి వేరు. ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశంవాళ్లకు 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయులు దశాబ్దాల తరబడి వరసలో నిలబడి ఉన్నారు. ఆస్తి పన్ను కడతారు, అందులో పెద్ద భాగం బడులకే పోతుంది, బోర్డు ఎన్నికల్లో మాత్రం ఓటు లేదు. చార్లెస్ టీబౌ అనే ఆర్థికవేత్త 1956లో ఒక సిద్ధాంతం చెప్పాడు: నచ్చిన సేవలు, నచ్చిన పన్ను ఉన్న ఊరికి మారిపోవడమే పౌరుడు చెప్పే తీర్పు. వీసా కుటుంబానికి అది సిద్ధాంతం కూడా కాదు, చేతిలో ఉన్న ఒకే ఒక్క మీట. పొలం లేదు, వెనక పెద్దల ఆస్తి లేదు, రేపు ఉద్యోగం పోతే దేశమే వదలాలి. పిల్లల చదువే ఆస్తి అనుకునేవాణ్ణి పట్టుకుని స్వార్థపరుడంటే వినేవాడికీ రుచించదు.

అయితే ఈ సమర్థనకు గడువు ఉంటుంది. ఇల్లు కొన్నాక, పౌరసత్వం వచ్చాక, అదే కుటుంబం పక్క ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతామంటే బడి కిక్కిరిసిపోతుందని అడ్డం తిరగడం అమెరికా శివారు ఊళ్లు చాలావాటిలో కనిపించే దృశ్యం. మనవాళ్లకు అందులో మినహాయింపేమీ లేదు. బిడ్డకు పాలు తేవడం అయిపోయింది, చెంబు మూతి గురించిన పని మొదలైంది.

న్యూజెర్సీ ఈ చర్చకు తగిన రాష్ట్రం. బడుల నిధుల కోసం స్థానిక ఆస్తి పన్ను మీద అంతగా ఆధారపడటం రాష్ట్ర రాజ్యాంగం ఇచ్చిన మాటకు విరుద్ధమని 1973లో రాబిన్సన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఒత్తిడితోనే 1976లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను వచ్చింది. పేదలు రాకుండా ఉండేలా ఇళ్ల నిబంధనలు రాసుకునే హక్కు ఊళ్లకు లేదని 1975లో మౌంట్ లారెల్ కేసు తేల్చింది. 1990లో ఆబట్ కేసు ఇంకో అడుగు వేసింది: పేద పట్టణాల బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సంపన్న శివారు ఊళ్లతో సమానం కావాలి. ఆ పట్టణాల్లో రెండు, న్యూ బ్రన్స్‌విక్, పెర్త్ ఆంబాయ్, ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీలోనే ఉన్నాయి. కారులో కొద్ది నిమిషాల దూరం. ఎడిసన్‌లో మన్రో గొప్పా, మార్షల్ గొప్పా అని తర్జనభర్జన పడేవాళ్ల స్ప్రెడ్‌షీట్‌లో ఆ ఊళ్ల వరసే ఉండదు.

2018లో ఇంకో దావా పడింది. అడ్రసును బట్టి బడి కేటాయించడం వల్ల నల్ల, లాటినో పిల్లలు విడిగా మిగిలిపోతున్నారని, బడుల్లో వేర్పాటును నిషేధించిన 1947 నాటి రాష్ట్ర రాజ్యాంగానికి అది విరుద్ధమని లాటినో యాక్షన్ నెట్‌వర్క్, మరికొందరు కోర్టుకెక్కారు. 2023 అక్టోబరులో జడ్జి పూర్తిగా ఏ పక్షానికీ మొగ్గలేదు. చాలా చోట్ల వేర్పాటు ఉన్న మాట నిజమేనన్నారు, రాష్ట్రమంతటా ఉందని రుజువు కాలేదన్నారు. ఇందులో చాలామంది కావాలని ఎవర్నీ గెంటలేదు. ఒక్కొక్క కుటుంబం తన బిడ్డ కోసం తనకు సబబనిపించిన పని చేసింది, వాటన్నిటి మొత్తం కోర్టు ముందుకు వచ్చింది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇదే మొత్తం కోర్టు దాకా రాకుండా జరిగిపోయింది. పేదా ధనికా తేడా లేకుండా ఆ పేటలోని పిల్లలంతా ఆ పేట బడికే వెళ్లాలని కొఠారి కమిషన్ 1966లో సిఫారసు చేసింది. అది కాగితం మీదే ఉండిపోయింది. అడిగే నోరున్న కుటుంబాలు ముందుగా తప్పుకున్నాక అడిగేవాళ్లు లేని బడి ఎలా చిక్కిపోతుందో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకంలో వివరించాడు. ఆయన దృష్టిలో ఉన్నది అమెరికా బడులే. కానీ మన పల్లెల్లో ఇరవైమంది పిల్లలతో, ఒకే టీచరుతో మిగిలిన ప్రాథమిక పాఠశాలలకు ఆ వివరణ అచ్చంగా సరిపోతుంది. ఎడిసన్‌కు ఉన్న అదృష్టం ఏమిటంటే అక్కడ తప్పుకున్నవాళ్లు కూడా సర్కారు బడుల మధ్యే తిరుగుతున్నారు.

పోలికనే ఒప్పుకోని తెలుగువాడు ఒకరున్నారు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఒక పిల్లవాడిని ఇంకో పిల్లవాడితో పోల్చడమే హింస అని జీవితమంతా చెప్పారు. పోల్చగానే ఆ పిల్లవాడు కనపడకుండా పోతాడు, కొలత ఒక్కటే మిగులుతుందన్నది ఆయన వాదన. ఆ ఆలోచనతో నడిచే రిషి వ్యాలీ బడిలో సీటు కోసం దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు బడులన్నిటినీ పోల్చి చూసుకుని మరీ వస్తారు. ఆయనకు ఈ సంగతి నవ్వు తెప్పించేదో, బాధ పెట్టేదో చెప్పలేం. ఆ ప్రాంగణం పక్కనే చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం వేరుగా చిన్న బడులు నడిపి, ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతిని తయారుచేసింది కూడా ఆ సంస్థే. అక్కడ ఎవరు ఎవరికన్నా ముందున్నారన్నది పట్టించుకోకుండా, ఒక్కో పిల్లవాడు నిన్నటి మెట్టు నుంచి ఇవాళ ఏ మెట్టుకు వచ్చాడన్నది చూస్తారు. రియర్డన్ కోట్ల మార్కులు పోగేసి వెతికినదీ దాదాపు అదే.

తల్లిదండ్రులు పోల్చడం మానరు, మానమని అడగడం అత్యాశ. కాకపోతే న్యూజెర్సీ ఏటా ప్రతి బడి మీదా ప్రకటించే నివేదికలో సగటు మార్కు పక్కనే పిల్లల ఎదుగుదల అంకె కూడా ఉంటుంది, దాన్ని కూడా చదవొచ్చు. టీచర్లు ఎన్నేళ్లుగా ఉంటున్నారో అడగొచ్చు. ఇంగ్లిషు రాని పిల్లవాడు మధ్యలో చేరితే ఏం చేస్తారని ప్రిన్సిపాల్‌ని అడిగితే రేటింగ్ చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి. ఇక ఓటు లేదన్న మాటకు వస్తే, ప్రతి స్కూల్ బోర్డు సమావేశంలోనూ జనం మాట్లాడటానికి కొంత సమయం కేటాయించాలని ఆ రాష్ట్ర చట్టం చెబుతోంది. మైకు ముందుకు వెళ్లినవాళ్లను పేరు, ఊరు అడుగుతారు గానీ వీసా అడగరు. ఏ బడి కిక్కిరిసింది, ఏ బడిలో ఖాళీ ఉంది, గీత ఎటు జరపాలి అన్న చర్చ జరిగేది అక్కడే. గీత జరిగితే ఇంటి ధర తగ్గుతుందని తెలిసీ జరపమని అడగడానికి లేచేవాళ్లు ఏ ఊళ్లోనైనా తక్కువే, మన ఇళ్ల నుంచి ఇంకా తక్కువ.